పెరిగిన దుకాణం

మా వీధిలో గాజు పగిలిందని ఎవరూ అనరు. పెరిగింది అంటారు. ఆ మాట చాలా ఊళ్లలో ఉన్నదే కానీ, గోదావరిఖనిలో దానికి పట్టు ఎక్కువ. మొగుడు బాయిలో ఉండగా ఇల్లాలి నోట పగిలిందన్న మాట రాకూడదు. బాయి అంటే మాకు నీళ్ల బావి కాదు, బొగ్గు గని. పొద్దున భూమిలోకి దిగిన మనిషి సాయంత్రం నల్లటి మొహంతో పైకి వచ్చేదాకా ఇంట్లో ప్రతి మాటా ఆచితూచి వాడేవాళ్లు.

చిన్నప్పుడు నేను ఆ మాటను నిజమనే నమ్మాను. పెరగడమంటే పెరగడమే కదా! అమ్మ దుకాణంలో రాలిన ఆకుపచ్చ ముక్కలు ఏరుకొచ్చి, పెరట్లో పగిలిన కుండలో మట్టి పోసి నాటాను. రోజూ బడికి పోయే ముందు చెంబుతో నీళ్లు పోసేదాన్ని. అమ్మ చూసింది. తిట్టలేదు, పైగా ఎగదోసింది.

"మంచిగ నీళ్లు పొయ్యి బిడ్డా. కాయ కాస్తే నాకు సామాన్ తెచ్చుకునే తిప్పలు తప్పుతది."

నేను మరీ శ్రద్ధగా పోశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఆ మట్టిలోంచి గాజులు గుత్తులుగా వేలాడుతూ వస్తాయని ఎన్ని ఉదయాలు కలగన్నానో.

మా ఇంటి ముందుగదే అమ్మ గాజుల దుకాణం. వీధికి ఒక కొస బాయి రోడ్డు, ఇంకో కొస బజారు. పొగమంచులో, పొయ్యిల పొగలో ఆ వీధి ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టే ఉండేది. తెల్లవారకముందే సైరన్ కూసేది. ఆ వెనుకే హోటలవ్వ పొయ్యి రాజేసిన వాసన, చాయ్ గ్లాసుల చప్పుడు, ఆపైన మొదటి షిఫ్టు సైకిళ్లు. హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా వేలాడుతూ ఒకదాని వెనుక ఒకటి, మాటల్లేకుండా, మంచులోంచి వచ్చి మంచులోకి పోయేవి. ఆ వరుసలో మా బాపు కూడా ఉండేవాడు. కింద బొగ్గు నింపే పని ఆయనది. దుప్పటిలోంచి తల బయటపెట్టి ఆయన సైకిల్ ఏదో బెల్లు మోతతోనే పోల్చేదాన్ని. పోల్చాక మళ్లీ నిద్రపోయేదాన్ని.

హోటలవ్వది మా ఎదురుగా రేకుల పాక. మొగుడు పొయ్యి ముందు, ఆమె జనం ముందు. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. మా పక్కన సైకిల్ చాచా దుకాణం. గాలి పంపు, నీళ్ల తొట్టి, గోడకు తగిలించిన టైర్లు. బాయికి పోయేవాళ్లందరి సైకిళ్ల రోగాలూ ఆయనకు తెలుసు. ఆయన దగ్గర రేడియో ఎప్పుడూ మోగుతూనే ఉండేది. ఆ పాటల్లో సగం ఉర్దూ నాకు అర్థమయ్యేది కాదు, అయినా గొణుక్కునేదాన్ని.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి తవ్వే గనిలో, బండ పగలడానికి మందు పేల్చేవాళ్లు. మా వీధికి ఆ సమయం గడియారం అక్కర్లేకుండానే తెలిసేది. ముందు సైరన్ వచ్చేది. అది వినగానే వీధి మొత్తం చెయ్యి చాపేది. హోటలవ్వ గ్లాసుల మీద రెండు చేతులూ కప్పేది. కటింగ్ షాపులో కత్తి గొంతు మీదనుంచి పైకి లేచేది. చాచా రేడియోను ఒడిలోకి తీసుకునేవాడు. అమ్మ గాజులు తొడిగిన కర్రల వరుసను, పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పొదివి పట్టుకునేది. ఎవరూ మాట్లాడరు. కాళ్ల కింద నేల ఒక్కసారి కదిలేది, దూరాన ఎక్కడో దుమ్ము లేచేది, వెయ్యి గాజులు అమ్మ చేతుల మధ్య సన్నగా గుసగుసలాడేవి. తర్వాత ఎవరి మాట ఎక్కడ ఆగిందో అక్కడినుంచే మొదలయ్యేది. ప్రపంచమంతా మధ్యాహ్నం పూట ఇట్లాగే ఆగుతుందని నేను అనుకునేదాన్ని.

అమ్మ గాజులు అమ్మేది కాదు, వేసేది. రెంటికీ చాలా తేడా ఉంది. అమ్మడానికి నోరుంటే చాలు, వెయ్యడానికి చెయ్యి కావాలి. ఆడమనిషి వచ్చి పీట మీద కూర్చుని చెయ్యి అమ్మ ఒడిలో పెట్టేది. అమ్మ బొటనవేలు లోపలికి మడిచి, కణుపులను మెల్లగా దగ్గరికి నొక్కుతూ, కొలతకు ఒకింత చిన్నగా ఉండే గాజునే ఎక్కించేది. వదులు గాజు అందం కాదని ఆమె పట్టుదల. ఎక్కిందన్న సంగతి ఆ మనిషికి తెలిసేది కాదు. పెళ్లి చూపులకు ముందు, సీమంతానికి, బతుకమ్మకు, రంజాన్‌కు, మా వాకిట్లో చెప్పులు నిండిపోయేవి. ఎక్కడో కమాన్‌పూర్ పక్క ఊళ్లనుంచి కూడా బండి కట్టుకుని వచ్చేవాళ్లు. "ఆమె చేతిల గాజు పెరగదు" అని పేరు. ఆ పేరు వింటే బాపు మీసం కింద నవ్వుకునేవాడు.

ఒక వానాకాలం బాపు పోయాడు. బాయిలో కాదు. అమ్మ ఎన్నేళ్లు భయపడిందో ఆ బాయి ఆయనను ఏమీ చెయ్యలేదు, ప్రతిరోజూ భద్రంగా పైకి పంపింది. పచ్చకామెర్లు వచ్చి, దవాఖాన మంచం మీద, కిటికీలోంచి వాన చూస్తూ పోయాడు. ఇదేం న్యాయమని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. భయపడిన చోట ఏమీ జరగలేదు, భయపడని చోట జరిగింది.

కర్మ రోజున గోదావరి ఒడ్డుకు పోయాం. నది నిండుగా, మట్టి రంగులో, చప్పుడు లేకుండా పోతోంది. ముసలివాళ్లు అమ్మను నీళ్ల దగ్గర కూర్చోబెట్టారు. ఒకావిడ రాయి తెచ్చింది, గాజులు పగలగొట్టడానికి. అమ్మ ఆ రాయిని చూసి చెయ్యి వెనక్కు లాక్కుంది.

"వద్దు పెద్దమ్మా. నేనే తీస్త."

"తీసుడు కాదు బిడ్డా, కొట్టాలె. అది పద్ధతి."

"ఇన్నేండ్ల సంది ఒక్క గాజు పెరగనియ్యలే నేను. నా చేతివి నేనెట్ల కొడ్త?"

గాజు వెయ్యడం కంటే తియ్యడం కష్టం. అందులోనూ ఒంటి చేత్తో. అమ్మ నీళ్లలో చెయ్యి తడుపుకుని, మడిచి, నొక్కి, ఒక్కొక్కటే తీసింది. ఒక్కటీ చిట్లలేదు. తీసిన గాజును తీసినట్టే నీళ్లలో వదిలింది. అవి గుండ్రంగా మునిగిపోవడం నేను చూశాను. హోటలవ్వ పక్కనే నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అమ్మ ఏడవలేదు. పనిలో ఉన్నప్పుడు ఆమె ఎప్పుడూ ఏడవదు.

దుకాణం మూతపడింది. మధ్యాహ్నం సైరన్ మోగేది, నేల కదిలేది, మూసిన తలుపుల వెనుక గాజులు వాటంతట అవే మోగేవి. అమ్మ వంటింట్లో కూర్చుని వినేది. లేచి వెళ్లి పట్టుకునేది కాదు. నేనే పరుగెత్తి వెళ్లి చీకట్లో ఆ కర్రలను కౌగిలించుకునేదాన్ని. దుమ్ము వాసన, లక్క వాసన. ఆ చీకట్లో నేను ఎంతసేపు నిలబడేదాన్నో తెలియదు.

కొన్నాళ్లకు దుకాణం తెరిచింది. పెళ్లికూతురిని తీసుకుని ఒక కుటుంబం వచ్చింది. అమ్మ బోసి నొసలు చూసి గడప దగ్గరే ఆగారు. పాపం, "మళ్లొస్తమక్కా" అని మర్యాదగానే వెళ్లారు. నేను వాళ్లను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అమ్మ మాత్రం, "వాళ్లదేం తప్పు? నేనైనా గట్లనే చేస్త" అంది. అంతటితో రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

మరునాడు హోటలవ్వ ధుమధుమలాడుతూ వచ్చి పీట మీద కూలబడింది. చెయ్యి చాపింది.

"ఇగో, నాకెయ్యి. నాకేం ఫికర్ లేదు."

"నీ పెనిమిటి అగో, పొయ్యి కాడ కూసున్నడవ్వా. సల్లగుండనియ్యి."

"వానికేమైతది? దుడ్డు కర్రోలె ఉన్నడు."

"నీకు లేకున్నా నాకున్నది ఫికర్. లే అవ్వా, నీ కాళ్లు మొక్కుత."

అమ్మ వెయ్యలేదు. అప్పుడు నాకు అర్థమైంది. వీధి ఆమె చేతిని కాదన్నది ఒక్కసారే. ఆమె తన చేతిని తాను రోజూ కాదనుకుంటోంది. దాన్ని ఎవరు మాన్పుతారో, అసలు మానుతుందో లేదో నాకు తెలియలేదు. ఆ చెయ్యి లేకపోతే అమ్మలో ఇంకేం మిగులుతుందా అని భయం వేసేది.

దారి చూపింది సైకిల్ చాచా. అప్పటికే ఆయన దుకాణం రంగు మారుతోంది. షిఫ్టుకు పోయేవాళ్లు మోటారు సైకిళ్లు కొంటున్నారు. టైర్లు వేలాడిన గోడకు ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. ఆయన కొడుకు రీచార్జ్ చేస్తున్నాడు. చాచా మాత్రం ఓ పక్కన తన గాలి పంపు పెట్టుకుని, పని లేకపోయినా దాన్ని తుడుస్తూ కూర్చునేవాడు.

"జమానా బదలైంది బెహన్. ప్యాకెట్ సామాన్ పెట్టు. క్లిప్పులు, రిబ్బన్లు, ప్లాస్టిక్ గాజులు. ఎవరిది వాళ్లే తీస్కుంటరు, ఎవరిది వాళ్లే ఏస్కుంటరు. నీ చెయ్యి ఎందుకు మధ్యల?"

ఆయన మంచికే అన్నాడు. ఆ వారమే కర్రలన్నీ అటక మీదికి ఎక్కాయి. గాజు గాజులు పోయాయి. వాటి స్థానంలో మెరిసే కాగితం ప్యాకెట్లు, రేకు గాజులు, నొక్కితే తెరుచుకునే కడియాలు, స్టిక్కర్ బొట్లు వచ్చాయి. బయట 'ఫ్యాన్సీ స్టోర్' అని బోర్డు. పీట తీసేసి అద్దాల బల్ల పెట్టింది. ఆ బల్లకు ఇవతల కొనేవాళ్లు, అవతల అమ్మ. ఎవరూ ఎవరినీ తాకనక్కర్లేదు.

వ్యాపారం నడిచింది. ముందుకంటే బాగా నడిచింది. కాలేజీ పిల్లలు ఎగబడ్డారు. రెండేళ్లు తిరక్కుండానే పక్క గది కూడా కలిపి గోడ కొట్టించింది. ఆ రోజు హోటలవ్వ చాయ్ పట్టుకొచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని అటూ ఇటూ చూసి మురిసిపోయింది.

"అబ్బో! నీ దుకాణం పెరిగిందే!"

అని, తన మాట తన చెవిన పడి ఠక్కున ఆగింది. అమ్మ మొహం తెల్లబోయింది. మేం ముగ్గురం ఒక్కసారే విన్నాం ఆ మాటను, గాజుల భాషలో. ఇంకే ఊళ్లోనైనా అది మంచి మాటే. ఎవరైనా స్వీటు పెట్టి మరీ చెప్పించుకునే మాట. హోటలవ్వ నాలుక కరుచుకుని, "అయ్యో నా నోరు మండ, పెద్దగైంది అనబోయిన బిడ్డా" అంది. అమ్మ నవ్వింది. "ఉన్న మాటే అన్నవు తియ్యవ్వా" అని చాయ్ అందుకుంది. ఫ్యాషన్ మారింది కాబట్టి ఆమె దుకాణం మారిందని వీధంతా ఇప్పటికీ అనుకుంటుంది. అననీ. మా ముగ్గురికి తెలుసు.

ఆ తర్వాత ఏళ్లు కలలో నడిచినట్టు నడిచాయి. ఏది ముందు మారిందో, ఏది తర్వాత మారిందో నాకు వరుస గుర్తు లేదు. ఒక పొద్దున లేచి చూస్తే హోటల్లో గ్యాస్ పొయ్యి ఉంది. ఇంకో పొద్దున చాయ్ కాగితం కప్పుల్లో వస్తోంది. కటింగ్ షాపుకు తిరిగే కుర్చీలు వచ్చాయి. ఒకరోజు మధ్యాహ్నం సైరన్ మోగినప్పుడు నేను వీధిలోనే ఉన్నాను. నేల కదిలింది. ఒక్కరూ చెయ్యి చాపలేదు. కాగితం కప్పులు, ప్లాస్టిక్ గాజులు, పట్టుకోవాల్సినదంటూ ఎవరి దగ్గరా ఏమీ లేదు. నాకెందుకో చాలా దిగులేసింది.

రాష్ట్రం కోసం సమ్మె నడిచిన రోజుల్లో సైరన్ కూడా మూగబోయింది. బాయిలు ఆగాయి. వీధంతా రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తిన్నది. హోటలవ్వ గరిటె పట్టుకుని అందరినీ అదలించింది. అంత నిశ్శబ్దంలో నిద్ర పట్టక, మా వీధివాళ్లు పగటిపూట వాకిళ్లలో కునికిపాట్లు పడేవాళ్లు. రాష్ట్రం వచ్చిన రోజున రంగుల్లో మునిగిన వీధిని చూశాను. అమ్మ దుకాణంలో రిబ్బన్లన్నీ తీసి పిల్లలకు పంచేసింది.

అప్పటికి నాకు పెళ్లయింది. మంచిర్యాల సంబంధం. మా ఆయనా బాయి మనిషే. మా అత్త చాలా నిష్ఠాపరురాలు. దీపం వెలిగించనిదే మంచినీళ్లు ముట్టదు. కొడుకు షిఫ్టుకు పోతే, వచ్చేదాకా ఇల్లు ఊడవనివ్వదు. నాకూ ఆమెకూ చిన్న చిన్న పోట్లాటలు ఉండేవి, అవి వేరే సంగతి. ఏడో నెలలో సీమంతం అమ్మ ఇంట్లో పెట్టారు. వానలు మొదలైన రోజులు. మా ఆయనకు సెలవు దొరకలేదు, మొదటి షిఫ్టులో ఉన్నాడు.

సీమంతానికి గాజు గాజులే కావాలి కదా. ఆకుపచ్చవి, ఎర్రవి పళ్లెంలో పేర్చి అమ్మ నా ముందు పెట్టింది. పెట్టి, వంటింటి గుమ్మంలోకి వెళ్లి గోడ చాటున నిలబడింది. పిలిచినా రాలేదు. రాదని నాకూ తెలుసు. నా పెళ్లిలో కూడా అంతే, తలంబ్రాల వేళకు బియ్యం ఏరుతూ కూర్చుంది.

ముత్తైదువులు ఒక్కొక్కరే వచ్చారు. మొదటి ఆమె నా చెయ్యి పట్టుకుని గాజు తోసింది. నీరు పట్టి ఉబ్బిన చెయ్యి. గాజు కణుపుల దగ్గర ఆగింది. ఇంకొంచెం తోసింది. టప్పున రెండు ముక్కలైంది.

"పెరిగింది" అన్నారెవరో మెల్లగా.

రెండో ఆమె సబ్బు తెమ్మంది. అదీ పెరిగింది. మూడో గాజు విరిగి మణికట్టు మీద గీరుకుంది, సన్నగా రక్తం. ఎట్లా వేస్తారు మరి? ఇన్నేళ్లుగా అందరూ నొక్కితే తెరుచుకునే కడియాలే వేసుకున్నారు. గాజు ఎక్కించడం మా వీధిలో ఎవరికీ రాదు ఇప్పుడు. ఆ పని వచ్చిన ఒక్క మనిషీ గోడ చాటున ఉంది.

మా అత్త మొహం చూశాను. తెల్లగా పాలిపోయింది. కోడలి చేతి మీద మూడు గాజులు పెరిగాయి, కొడుకేమో భూమి కింద. ఆమె లేచి గబగబా గుమ్మం దగ్గరికి వెళ్లింది. అమ్మను ఏదైనా అంటుందేమోనని భయపడ్డాను.

"వదినె, నువ్వు రా."

"నేనెట్ల ముట్టాలె వదినె? అల్లుడు బాయిల ఉన్నడు."

"ఉన్నడు గనుకనే రమ్మంటున్న. నీ చేతిల పెరగయంటరు. గప్పుడు నా చెల్లె పెండ్లికి గూడ నీ దగ్గరికే వచ్చినం మేము, నీకు యాది లేదు. రా, నా కొడుకు మీద ఆన."

ఆన వేశాక ఇంక అమ్మ కాదనలేదు. చేతులు కడుక్కుని వచ్చింది. కడుక్కున్న చేతులను కొంగుకు తుడుచుకోవడం మరిచిపోయి, నీళ్లు కారుతుండగానే నా ముందు కూర్చుంది. నా చెయ్యి తన ఒడిలో పెట్టుకుంది. ఎన్నేళ్లయింది ఆ ఒడిలో ఒక చెయ్యి పడి! నేను ఆగలేకపోయాను, వెక్కివెక్కి ఏడ్చాను.

"ఏడువకు బిడ్డా. ఏడిస్తే చెయ్యి బిగుసుకుంటది" అంది అమ్మ, దుకాణంలో ఎవరికో చెప్పినట్టు.

నేను ఊపిరి వదిలాను. గాజు ఎక్కింది. తెలియలేదు నాకు. రెండోది, మూడోది, రెండు చేతులకూ నిండుగా. ఒక్కటీ చిట్లలేదు. హోటలవ్వ ఎక్కడో వెనకనుంచి "అగో!" అని అరిచింది.

అమ్మ లేవబోయింది. మా అత్త లేవనివ్వలేదు. నా పక్కన కూలబడి, తన చేతి కడియాలు ఊడదీసి పక్కన పెట్టి, ఖాళీ చెయ్యి చాపింది.

అమ్మ చేతులు కొంగు కిందికి పోయాయి. "నీకొద్దు వదినె. నీ పెనిమిటి, మా అన్న, సల్లగుండాలె."

"ఆయన సల్లగనే ఉంటడు. ఎయ్యి."

ధైర్యంగానే అంది. కానీ నేను పక్కనే ఉన్నాను కదా, చూశాను. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. వేళ్లు కట్టె పుల్లల్లా బిగుసుకుపోయాయి. ఆమెకు భయం పోలేదు. భయంతోనే ఇచ్చింది ఆ చెయ్యి. అంతకంటే పెద్దది ఆమె దగ్గర ఇవ్వడానికి ఇంకేముంది?

అమ్మ కొంగు కిందనుంచి చేతులు తీసింది. ఆ బిగుసుకున్న చెయ్యిని అందుకుని, కాసేపు ఊరికే పట్టుకుంది. గాజు తీసుకోలేదు.

"మీ తల్లిగారిది ఏ ఊరు వదినె?"

మా అత్త కళ్లు తెరిచింది. "గోలేటి అవతల" అంది. కాస్త ఆగి, "అడివంచుకు ఉంటది. ఇంటెనుక వాగు. ఎండకాలం ఇప్పపూలు రాలితే మేం అక్కచెల్లెండ్లం గంపలు పట్టుకొని..." అని చెప్పుకుంటూ పోయింది. అక్కల గురించి, వాగులో పోయిన చెప్పు గురించి చెబుతూనే ఉంది. అమ్మ వింటూ ఊ కొడుతూనే ఉంది.

"...గా చెప్పు కోసం మా బాపు నన్ను ఎంత తిట్టిండో" అని నవ్వి, మా అత్త కిందికి చూసుకుంది. చేతి నిండా గాజులు ఉన్నాయి.

"రెండో చెయ్యి ఇయ్యి వదినె" అంది అమ్మ.